సిస్టమ్స్ థింకింగ్‌తో పర్యావరణ సమస్యలను చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం మీద మాట్లాడిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు రెండు మూడు వాక్యాల్లో తేలిపోతుంది, కొన్నింటికి కథ మొత్తం చెప్పాల్సి వస్తుంది. వరసగానే చదవాలని లేదు. నిల్వ, ప్రవాహం గురించిన ప్రశ్నను మాత్రం దాటేయకండి, తరువాతి జవాబులు చాలావరకు దానిమీదే నిలబడ్డాయి.

సిస్టమ్స్ థింకింగ్ అంటే ఏమిటి?

ఒక సమస్యను భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్నీ విడిగా బాగుచేయడం మనకు బాగా అలవాటైన పద్ధతి. యంత్రాల విషయంలో అది చక్కగా పనిచేస్తుంది. పంపులో వాషర్ అరిగిపోతే కొత్తది వేస్తాం, అంతటితో సరి. వాషర్ మార్చారని తెలిసి పంపు తన తీరు మార్చుకోదు. చెరువు, అడవి, నగరం, వాతావరణం అలాంటివి కావు. వాటిలో ఒకచోట చేయి పెడితే మిగతా భాగాలు స్పందిస్తాయి. ఆ స్పందన తిరుగుతూ తిరుగుతూ మళ్లీ మనం చేయి పెట్టిన చోటికే వస్తుంది. ఈ తిరుగుడును గమనించి, దాన్ని కూడా లెక్కలో కలుపుకొని నిర్ణయం తీసుకోవడమే సిస్టమ్స్ థింకింగ్. తెలుగులో కొందరు వ్యవస్థాత్మక ఆలోచన అంటారు. ఆ మాట కాస్త బరువుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ వాడుకలో ఉన్న మాటే వాడుతున్నాను.

అంటే, అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉందని చెప్పడమేనా?

కాదు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ దాన్ని పట్టుకొని చేయగలిగింది ఏమీ లేదు. ఏ సంబంధం బలమైనది, ఏది నామమాత్రం, ఏది వెంటనే పనిచేస్తుంది, ఏది పదేళ్ల తరువాత బయటపడుతుంది అని తేల్చడంలోనే అసలు పని ఉంది. గోడంత కాగితం మీద వందల బాణాలు గీసి "చూశారా, ఎంత జటిలమో!" అనేవాళ్లు ఇంకా పని మొదలుపెట్టనట్టే. బాగా చేసిన విశ్లేషణలో చివరికి మిగిలేవి నాలుగైదు లూపులే, అంటే పైన చెప్పిన తిరుగుళ్లే.

పర్యావరణ సమస్యలకే ఇది ఎందుకు అంత అవసరం?

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద కారణం దూరం. చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య కాలంలోనూ దూరం ఉంటుంది, స్థలంలోనూ ఉంటుంది. ఎగువ పొలాల్లో చల్లిన ఎరువు నదిలో కొట్టుకుపోయి వందల కిలోమీటర్ల అవతల సముద్రంలో ఆక్సిజన్ లేని ప్రాంతాన్ని తయారుచేస్తుంది. మిసిసిపీ నది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసే చోట ఏటా వేసవిలో జరిగేది అదే. ఎరువు చల్లిన రైతుకు చచ్చిన చేపలు కనిపించవు. మత్స్యకారుడికి రైతు కనిపించడు. ఇద్దరిలో ఎవరూ తప్పుడు మనుషులు కారు.

ఇంకో చిక్కు, రిహార్సల్‌కు అవకాశం లేకపోవడం. 1973లో హోర్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఇలాంటి వాటికి ఒక పేరు పెట్టారు. దాన్ని మనం మొండి సమస్యలు అనుకోవచ్చు. వీటిలో ప్రతి ప్రయత్నమూ సమస్యనే మార్చేస్తుంది. ఆనకట్ట కట్టి చూసి, బాగాలేదని తీసేసి, నదిని మొదటి రోజుకు తీసుకెళ్లలేం.

ఫీడ్‌బ్యాక్ లూప్ అంటే? పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే మంచిదేనా?

పేరు చూసి మోసపోవద్దు. పర్యావరణంలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ చాలాసార్లు చెడ్డవార్తే. మార్పు తనను తాను పెంచుకుంటూ పోతుందని మాత్రమే దాని అర్థం. ఆర్కిటిక్ సముద్రం మీది మంచు తెల్లగా ఉండి ఎండను వెనక్కి కొడుతుంది. మంచు కరిగితే కింది నల్లటి నీళ్లు బయటపడి ఎండను పీల్చుకుంటాయి. నీళ్లు వేడెక్కితే మరికొంత మంచు కరుగుతుంది. గందరగోళం లేకుండా దీన్ని "పెంచే లూపు" అనుకుంటే సరిపోతుంది.

రెండో రకం "సర్దే లూపు". ఇది మార్పును అడ్డుకొని పాత స్థితికి లాగుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్కలు, సముద్రాలు కాస్త ఎక్కువ పీల్చుకుంటాయి. అదే లేకపోతే ఈపాటికి మన పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉండేది. ఏ వ్యవస్థలోనైనా ఈ రెండు రకాలూ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఏ లూపుది పైచేయి అన్నది కాలంతోపాటు మారుతుంది. ఆ పైచేయి ఎప్పుడు మారుతుందో పట్టుకోవడమే కష్టం.

నిల్వ, ప్రవాహం అంటారు. అవి ఎందుకంత ముఖ్యం?

నీళ్ల తొట్టిని ఊహించుకోండి. పైన కుళాయి, కింద తూము. తొట్టిలో ఉన్న నీళ్లు నిల్వ. వచ్చేవి, పోయేవి ప్రవాహాలు. కుళాయిని సగానికి కట్టేసినా, తూములోంచి పోయేదానికన్నా వచ్చేది ఎక్కువైతే నీటిమట్టం పెరుగుతూనే ఉంటుంది. చదువుతుంటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ వాతావరణ మార్పు గురించిన చర్చల్లో సగం పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి.

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 280 వంతులు ఉండేది. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు అది 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. మనుషులు వదిలేదాంట్లో దాదాపు సగాన్ని నేల, సముద్రం తీసుకుంటున్నాయి, మిగతా సగం తొట్టిలో చేరుతోంది. 2020లో లాక్‌డౌన్‌ల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఉద్గారాలు సుమారు 5 శాతం తగ్గాయి. రోడ్లు ఖాళీ అయ్యాయి, విమానాలు నేలమీదే ఉండిపోయాయి, ఆకాశం శుభ్రపడిన ఫొటోలు అందరూ పంచుకున్నారు. అయినా ఆ ఏడాది కూడా గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. చాలామందికి ఇది విచిత్రంగా అనిపించింది. తొట్టి లెక్కలో విచిత్రం ఏమీ లేదు. కుళాయి కొంచెం బిగిసింది, అంతే.

ఈ లెక్క చదువుకున్నవాళ్లకూ తేలిగ్గా అందదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జాన్ స్టెర్మన్, లిండా బూత్ స్వీనీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నే ఇచ్చి చూశారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒక స్థాయిలో నిలిచిపోవాలంటే ఉద్గారాలు ఎలా మారాలో గీయమంటే, ఎక్కువమంది ఉద్గారాలను అలాగే నిలబెట్టి గీశారు. లెక్కలు రానివాళ్లు కారు వాళ్లు. నిల్వ కూడా ప్రవాహంలాగే నడుస్తుందని మనసు తనంతట తానే అనేసుకుంటుంది.

భూగర్భ జలం, సముద్రంలో చేపలు, నేలలో సారం, సముద్రంలో పేరుకున్న ప్లాస్టిక్, ఇవన్నీ నిల్వలే. ఏ పర్యావరణ వార్త చదివినా, అందులో చెప్పింది నిల్వ గురించా, ప్రవాహం గురించా అని ముందు చూసుకోండి. "ఈ ఏడాది అడవుల నరికివేత తగ్గింది" అంటే అడవి పెరిగిందని కాదు.

ఆలస్యం వల్ల అంత ప్రమాదం ఏముంటుంది?

కెనడా తూర్పు తీరంలో, న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపల కథ చూడండి. శతాబ్దాల పాటు పట్టిన చేప అది. 1968లో సుమారు 8 లక్షల టన్నులు పట్టారు. ఆ తరువాత దిగుబడి పడిపోయింది. 1977లో కెనడా తన సముద్ర హద్దును 200 మైళ్లకు పెంచి విదేశీ ఓడలను బయటికి పంపింది. ఇక చేపలు పెరుగుతాయని అందరూ నమ్మారు. పెద్ద పడవలు, మంచి పరికరాలు వచ్చాయి. మిగిలిన చేపలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో పడవలు నేరుగా అక్కడికే వెళ్లగలిగాయి. దాంతో వల బరువుగానే వచ్చింది. వల బరువును బట్టి చేపలు బాగానే ఉన్నాయని లెక్క వేశారు. నిల్వ అడుగంటుతున్నా ప్రవాహం మాత్రం నిండుగా కనిపించింది.

1992 జూలైలో వేట పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. దాదాపు 30,000 మంది పని కోల్పోయారు. మొదట రెండేళ్లు అనుకున్న ఆ నిషేధం 2024 దాకా కొనసాగింది. కాడ్ చేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది. పైగా పెద్ద చేపలు పోయాక తిరిగి పుంజుకోవడం ఇంకా నెమ్మదిస్తుంది. రోజువారీ లెక్కలు చూసుకునే అధికారికి ఈ ఆలస్యం కనిపించే దారి లేదు.

మంచి ఉద్దేశంతో చేసిన పనులు ఎందుకు బెడిసికొడతాయి?

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ, నచ్చిందనడం సరికాదేమో, పంజాబ్‌ది. అక్కడ వరి సాగుకు బోర్లు విపరీతంగా తోడి భూగర్భ జలం పడిపోతోంది. దాన్ని కాపాడటానికి 2009లో ఒక చట్టం వచ్చింది. మే 10 కంటే ముందు నారు పోయకూడదు, జూన్ 10 కంటే ముందు నాట్లు వేయకూడదు. ఆలోచన సరైనదే. నడివేసవిలో మడిలో నిలిపిన నీళ్లు ఊరికే ఆవిరైపోతాయి. వానలు దగ్గరపడ్డాక నాటితే బోరు భారం తగ్గుతుంది.

అయితే నాటు వెనక్కి జరిగితే కోత కూడా వెనక్కి జరుగుతుంది. వరి కోసిన వెంటనే అదే పొలంలో గోధుమ వేయాలి. ఆ రెంటి మధ్య ఉండే వ్యవధి బాగా కుంచించుకుపోయింది. కోత మిషన్ గడ్డిని, కొయ్యకాళ్లను పొలంలోనే వదిలి వెళ్తుంది. వాటిని తీసే టైమ్ లేదు, కూలీలు దొరకరు. అగ్గిపుల్ల ఒక్కటే చవకైన దారి. అంతకుముందు కూడా కాల్చేవాళ్లు, కాకపోతే ఇప్పుడు కాల్చే రోజులు ఇంకాస్త వెనక్కి జరిగి, అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఉత్తర భారతంలో గాలి కదలిక తగ్గి, చల్లగాలి పొగను నేల దగ్గరే పట్టి ఉంచుతుంది. నీటిని కాపాడే చట్టం ఢిల్లీ ఊపిరితిత్తుల దాకా వెళ్లింది.

చట్టం తప్పని నేను అనను. ఢిల్లీ పొగకు అదొక్కటే కారణమనీ అనను. వాహనాలు, దుమ్ము, పరిశ్రమలు ఎలాగూ ఉన్నాయి. చట్టం తేదీని మార్చింది కానీ, వరి వేయమని రైతును ప్రోత్సహించే లూపును ముట్టుకోలేదు. ఉచిత కరెంటు, కచ్చితంగా కొనే మద్దతు ధర, ఆ రెండూ అలాగే ఉన్నాయి.

మెక్సికో సిటీది కాస్త సరదా కథ. 1989లో గాలి కాలుష్యం తగ్గించడానికి, నంబర్ ప్లేట్ చివరి అంకెను బట్టి వారంలో ఒక రోజు కారు బయటికి తీయకూడదన్నారు. కొన్నాళ్లకు చాలా ఇళ్లలో వేరే నంబరుతో రెండో కారు వచ్చింది, అదీ ఎక్కువగా పాతబడ్డ కారు. 2008లో వచ్చిన ఒక పరిశీలనలో గాలి మెరుగుపడిన ఆనవాలు కనిపించలేదు.

అమెరికా అటవీ శాఖ 1935లో పెట్టుకున్న నియమం ఇంకా సూటిగా ఉంటుంది: ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి తేవాలి. చిన్న మంటలన్నీ ఆర్పేశారు. వాటిలో కాలిపోవాల్సిన ఎండుపుల్లలు, పొదలు దశాబ్దాల తరబడి అడవిలో పేరుకున్నాయి. ఆ తరువాత వచ్చిన కార్చిచ్చులు చిన్నవి కావు.

అలాగైతే ఏమీ చేయకుండా ఊరుకోవడమే మేలు కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ ఓజోన్ కథే చెబుతాను. అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీలు అనే రసాయనాలు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది. రెండేళ్లకే, 1987లో, వాటి వాడకాన్ని తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అంత తొందరగా కదిలినా, గాలిలో ఉన్న సీఎఫ్‌సీలు దశాబ్దాల పాటు నిలిచి ఉంటాయి కాబట్టి అంటార్కిటికా మీది పొర 1980 నాటి స్థితికి రావడానికి 2066 ప్రాంతం దాకా పడుతుందని అంచనా. అదీ నిల్వ, అదీ ఆలస్యం.

ఇక్కడా పరిష్కారం కొత్త సమస్యను తెచ్చింది. సీఎఫ్‌సీల స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌ను ఏమీ చేయవు, కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ను ఎంతో దాటిపోతాయి. 2016లో కిగాలీలో అదే ఒప్పందాన్ని సవరించి వాటినీ తగ్గించాలని నిర్ణయించారు. కొత్త సమాచారం వచ్చినప్పుడు తిరిగి కూర్చొని మార్చుకునే ఏర్పాటు ఆ ఒప్పందంలో మొదటి నుంచే ఉంది. తప్పు జరగకుండా చూడటం ఎవరివల్లా కాదు. తప్పును తొందరగా పట్టుకొని సరిచేసుకునేలా రాసుకోవడం మాత్రం సాధ్యమే.

ముందుగానే అన్ని లింకులనూ కనిపెట్టగలమా?

కనిపెట్టలేం. పశువులకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌కీ, ఆకాశంలో తిరిగే రాబందుకీ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు? 1990లలో దక్షిణాసియాలో రాబందులు కుప్పలుగా చనిపోవడం మొదలైంది. కొన్ని జాతులు 95 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఏదో వైరస్ అనుకొని ఏళ్ల తరబడి వెతికారు. చివరికి 2004లో తేలింది: ఆ మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పాడవుతున్నాయి. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో ఆ మందును నిషేధించాయి. మెలాక్సికామ్ అనే వేరే మందు రాబందులకు హాని చేయదని తేలడం కలిసొచ్చింది. ఇలాంటి లింకును ఏ బొమ్మా ముందే చూపించదు. కళేబరాలు కుళ్లిపోతున్నాయని, కుక్కలు పెరుగుతున్నాయని గమనించి చెప్పే మనుషులు, ఆ మాట వినే వ్యవస్థ ఉండాలి.

సమస్యకు హద్దు ఎక్కడ గీయాలి?

ఇదే నిజమైన తలనొప్పి. హద్దు మరీ చిన్నదైతే అసలు కారణం బయట మిగిలిపోతుంది. మరీ పెద్దదైతే ప్రపంచమంతా లోపలికి వచ్చి ఏ నిర్ణయమూ తీసుకోలేం.

1960లలో సోవియట్ ప్రణాళికలు మధ్య ఆసియాలోని ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను పత్తి పొలాలకు మళ్లించాయి. ఆ రెండు నదులే ఆరల్ సముద్రానికి ఆధారం. పేరుకు సముద్రమే కానీ, విస్తీర్ణంలో అప్పట్లో అది ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. అది తగ్గిపోతుందని తెలియక చేసిన పని కాదు. పత్తి విలువతో పోలిస్తే ఆ నష్టం ఫరవాలేదు అనుకున్నారు. వాళ్లు గీసుకున్న హద్దులో పొలాలు, కాలవలు, దిగుబడి ఉన్నాయి. ఎండిన అడుగు నుంచి ఉప్పు, పురుగుమందుల అవశేషాలు కలిసిన ధూళి లేచి అవే పొలాల మీద, అక్కడి మనుషుల మీద పడుతుందన్నది హద్దు బయట ఉండిపోయింది. ఒకప్పటి చేపల రేవు మొయ్‌నాక్ ఇప్పుడు నీటికి 100 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 1987 నాటికి సరస్సు రెండు ముక్కలైంది. 2005లో కజకిస్తాన్ కొక్-ఆరల్ ఆనకట్ట పూర్తిచేసి ఉత్తరం ముక్కను మాత్రం కొంత నిలబెట్టుకుంది, చేపలు తిరిగొచ్చాయి. దక్షిణం ముక్కకు ఆ అదృష్టం లేదు.

హద్దు గీసేటప్పుడు నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. దీనివల్ల నష్టపోయేవాళ్లలో ఎవరైనా గీత బయట ఉన్నారా? ఉంటే ఆ గీత ఇంకాస్త జరగాలి.

లెవరేజ్ పాయింట్లు అంటే ఏమిటి?

తక్కువ బలంతో ఎక్కువ మార్పు తెచ్చే చోట్లు. పర్యావరణ శాస్త్రవేత్త డోనెల్లా మెడోస్ 1999లో ఇలాంటివి 12 గుర్తించి, ప్రభావాన్ని బట్టి వరసలో పెట్టారు. ఆ వరసలో అట్టడుగున ఉన్నవి అంకెలు: పన్ను ఎంత, సబ్సిడీ ఎంత, పరిమితి ఎంత అన్నవి. మన వాదనలు చాలావరకు వాటి చుట్టూనే జరుగుతాయి. పైకి వెళ్లేకొద్దీ సమాచారం ఎవరికి చేరుతోంది, నియమాలు ఎవరు రాస్తున్నారు, వ్యవస్థ లక్ష్యం ఏమిటి, దాని వెనకున్న నమ్మకం ఏమిటి అన్నవి వస్తాయి.

సమాచారానికి ఎంత బలముందో ఒక చట్టం చూపించింది. 1984 భోపాల్ విషాదం తరువాత, 1986లో అమెరికా ఒక చట్టం చేసింది. ఏ ఫ్యాక్టరీ ఏ విష రసాయనాన్ని ఎంత వదులుతోందో ఏటా బయటపెట్టాలి. వదిలేదాని మీద ఆ నిబంధన కొత్త పరిమితి ఏదీ పెట్టలేదు, జరిమానా వేయలేదు. చెప్పమంది, అంతే. పేర్లు పత్రికలకెక్కేసరికి, తరువాతి ఏళ్లలో కంపెనీలు నమోదు చేసే అంకెలు బాగా పడిపోయాయి.

మెడోస్ జాబితాను మంత్రంలా వాడటం మాత్రం నాకు నచ్చదు. పన్ను సరిగ్గా వేస్తే బాగా పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ వరస దిక్కు చూపిస్తుంది, కొలత చెప్పదు.

టిప్పింగ్ పాయింట్ దాటితే వెనక్కి రాలేమా?

టిప్పింగ్ పాయింట్ అంటే, దాటితే వ్యవస్థ వేరే స్థితిలోకి జారిపోయే గీత. కొన్నిసార్లు వెనక్కి రావచ్చు, కానీ వెళ్లిన దారిన కాదు. లోతు తక్కువ సరస్సుల్లో దీన్ని బాగా అధ్యయనం చేశారు. నెదర్లాండ్స్‌లోని వెలువే సరస్సులో 1960ల చివర్లో, ఫాస్ఫరస్ ఎక్కువై, అడుగున పెరిగే నీటిమొక్కలు పోయి నీళ్లు ఆకుపచ్చగా మురికిపట్టాయి. ఫాస్ఫరస్‌ను పాత గీత కిందికి తెచ్చినా నీళ్లు తేటపడలేదు. మొక్కలు లేకపోతే బురద లేస్తుంది, బురద లేస్తే వెలుగు అందక మొక్కలు రావు. మురికిలో కూడా ఒక పెంచే లూపు కూర్చుని ఉంది. పాడైనప్పటి స్థాయిలో దాదాపు సగానికి తగ్గించాక, బురదను కెలికే బ్రీమ్ చేపలను కూడా తగ్గించాక, 1990లలో గానీ మొక్కలు తిరిగి రాలేదు. చెడగొట్టడానికి పట్టిన దానికన్నా బాగుచేయడానికి ఎక్కువ వెనక్కి నడవాలి.

పరికరాల సామర్థ్యం పెంచితే వినియోగం దానంతటదే తగ్గదా?

తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ గమనించాడు: ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం పెరిగింది. చవకైనదాన్ని ఎక్కువ చోట్ల వాడారు. సామర్థ్యంతోపాటు మొత్తానికి ఒక పరిమితి కూడా ఉంటేనే ఆ ఆదా నిలుస్తుంది.

స్థానికుల అనుభవానికి ఇందులో చోటుందా?

ఉంది. దాన్ని పక్కనపెడితే ఏమవుతుందో బాలి ద్వీపం చూపించింది. అక్కడి వరి రైతులు సుబాక్ అనే సంఘాలుగా ఏర్పడి, నీటి ఆలయాల్లో కూర్చొని ఎవరు ఎప్పుడు నాటాలో నిర్ణయించుకుంటారు. 1970లలో హరిత విప్లవం వచ్చింది. కొత్త వంగడాలు వేయండి, వీలైనన్నిసార్లు నాటండి, ఆలయాల క్యాలెండర్‌తో పనిలేదు అన్నారు. రెండు మూడు పంటల తరువాత నీటి కోసం గొడవలు, పొలాల మీద సుడిదోమ, ఇతర పురుగులు.

స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవ శాస్త్రవేత్త, జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో కలిసి దీన్ని కంప్యూటర్ మోడల్‌లో పెట్టి చూశాడు. చిక్కు చాలా అందంగా బయటపడింది. చుట్టుపక్కల అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, పొలాలు ఖాళీగా ఉంచితే పురుగుకు తిండి దొరకదు. కానీ అందరూ ఒకేసారి నాటితే ఒకేసారి నీళ్లు కావాలి, కాలవ చాలదు. విడివిడిగా నాటితే నీళ్లు సరిపోతాయి, పురుగు ఒక మడి నుంచి పక్క మడికి తీరిగ్గా నడిచి వెళ్తుంది. ఆలయాల వ్యవస్థ ఈ రెంటి మధ్య సమతూకాన్ని పట్టుకుంది. నిపుణులకు అది పూజగా మాత్రమే కనిపించింది.

దీన్ని విని "పాతదంతా గొప్పది" అనే వైపు పరిగెత్తవద్దు. స్థానిక ఏర్పాట్లు విఫలమైన చోట్లూ ఉన్నాయి. ఉమ్మడి వనరు ఎప్పుడూ నాశనమవుతుందని 1968లో గారెట్ హార్డిన్ వాదిస్తే, ఎలాంటి నియమాలున్న చోట నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఎలినార్ ఆస్ట్రమ్ ఏళ్ల తరబడి పరిశీలించి చెప్పారు. ఆ పనికే 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

"లిమిట్స్ టు గ్రోత్" జోస్యం తప్పింది కదా?

ఆ నివేదిక చదవకుండా అనేవాళ్లే ఎక్కువ. 1972లో, క్లబ్ ఆఫ్ రోమ్ అనే మేధావుల సంఘం కోసం ఎంఐటీ బృందం తయారుచేసింది. 2000 కల్లా చమురు అయిపోతుందని అది చెప్పలేదు. నిల్వల పట్టికలోని ఒక అంకెను జోస్యంగా చదివారు. అది చెప్పింది ఏమంటే, జనాభా, పరిశ్రమలు పాత పద్ధతిలోనే పెరుగుతూ పోతే 21వ శతాబ్దంలో ఎప్పుడో పెరుగుదల ఆగి, పతనం మొదలవుతుందని. ఒక్క దృశ్యం కాదు, పన్నెండు దృశ్యాలు చూపించింది, వాటిలో పతనం లేనివీ ఉన్నాయి. 2008లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ టర్నర్ 30 ఏళ్ల అసలు లెక్కలతో పోల్చి చూస్తే, అవి పాత పద్ధతి దృశ్యానికి దగ్గరగానే కనిపించాయి. అంతమాత్రాన మోడల్ నిజమని తేలిపోదు, ఎందుకంటే అసలైన మలుపు ఆ 30 ఏళ్లలో లేదు.

ఎల్లోస్టోన్ తోడేళ్లు నదుల దారినే మార్చాయంటారు. నిజమేనా?

సగం. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో 1920లలో తుడిచిపెట్టిన తోడేళ్లను 1995, 1996లలో 31 తెచ్చి వదిలారు. ఎల్క్ దుప్పులు తగ్గాయి, కొన్నిచోట్ల చెట్లు పుంజుకున్నాయి. కానీ అదే కాలంలో ఎలుగుబంట్లు, ప్యూమాలు పెరిగాయి, పార్కు బయట వేటా సాగింది. వాగులకు అడ్డుకట్టలు కట్టే బీవర్లు పోయి వాగులు లోతుకు కోసుకుపోయిన చోట్ల, ఇరవై ఏళ్లు దాటినా విల్లో చెట్లు పాత ఎత్తుకు రాలేదు. ఒక్క జంతువుతో అంతా సర్దుకుందనే కథ వినడానికి బాగుంటుంది. సిస్టమ్స్ థింకింగ్ పేరుతో చెప్పే ఒంటికారణం కథ అది.

కంప్యూటర్ మోడల్ తప్పనిసరా?

కాదు. ఈ పద్ధతిని రూపుదిద్దిన ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్, 1950లలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగుల సంఖ్య ఎందుకు ఎగుడుదిగుడుగా మారుతోందో కాగితం, పెన్సిల్‌తోనే లెక్కవేశాడు. బయటి మార్కెట్ కారణం కాదని, వాళ్ల నియామక పద్ధతే ఆ ఊపును పుట్టిస్తోందని తేలింది. ఆలస్యాలు, లూపులు నాలుగు దాటితే మాత్రం బుర్ర చాలదు, అప్పుడు మోడల్ పనికొస్తుంది.

దీని మీద విమర్శలు లేవా?

ఉన్నాయి, కొన్ని న్యాయమైనవి కూడా. బాణాల బొమ్మలో అధికారం కనిపించదు. "నీటి వాడకం" అని ఒక గడి గీస్తే, అందులో పెద్ద కంపెనీ, ఒంటరి కౌలు రైతు ఒకే రంగులో కలిసిపోతారు. తప్పెవరిదీ కాదు, వ్యవస్థది అనే మాట కొందరికి మంచి సాకు అవుతుంది. నది కలుషితమవుతోందని తెలిసీ వ్యర్థాలు వదిలేవాడి విషయంలో ఫీడ్‌బ్యాక్ లూపు కన్నా పోలీసు కేసు ముందు కావాలి. ఇంకోటి, విశ్లేషణ ఎంత కాలమైనా సాగదీయవచ్చు. పూర్తిగా అర్థమయ్యాకే కదులుదాం అనేవాళ్లకు ఇది సుఖమైన కుర్చీ.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

సమస్య పేరుతో కాదు, ఒక గ్రాఫ్‌తో. కాలంతోపాటు ఏది ఎలా మారిందో గీయండి. బావిలో నీటిమట్టం, పట్టిన చేపలు, చెత్త బరువు, ఏదైనా ఒక్కటే, వీలైనంత వెనక్కి వెళ్లి. చాలాసార్లు "ఈమధ్యే మొదలైంది" అనుకున్నది ఇరవై ఏళ్ల కిందటే వంపు తిరిగి ఉంటుంది.

తరువాత నిల్వ ఏదో గుర్తించి, దానిలోకి వచ్చేవి, పోయేవి రాయండి. ఆ ప్రవాహాలను ఎవరు, ఏ సమాచారం చూసి తిప్పుతున్నారో అడగండి. నేను మొదట్లో ఈ ప్రశ్నను వదిలేసి బాణాలతో కాగితాలు నింపేవాణ్ణి. చూడటానికి ముచ్చటగా ఉండేవి, దేనికీ పనికొచ్చేవి కావు. గీసిన బొమ్మను ఆ నీళ్లు తోడే మనిషికో, ఆ వల వేసే మనిషికో చూపించండి. "ఇలా కాదండీ" అని వాళ్లు వేలు పెట్టిన చోట ఆగండి.

ఏదైనా మార్పు చేస్తుంటే, చేసే ముందు అదే కాగితం మీద మూడు సంగతులు రాసి తేదీ వేయండి: ఏ కొలత కదలాలి, ఎన్నాళ్లకు కదలాలి, దానికి వ్యతిరేకంగా ఎవరు ఏం చేసే అవకాశం ఉంది. ఆలస్యం మూడేళ్లు అని రాసుకున్నచోట మూడు నెలలకే ఫలితం లేదని మార్చేయకండి. మూడేళ్లు దాటినా కొలత కదలకపోతే కాగితం తీసి, మొదట ఆలస్యం దగ్గర, తరువాత హద్దు దగ్గర వెతకండి.